కుడికాలి చెప్పు

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. మా నాన్న కళ్ళు ఈ పదకొండు రోజుల్లో చారెడు దాటి చేటంత అయ్యాయి. వచ్చినవాళ్ళందరూ ఆయన నిష్ఠ గురించే మాట్లాడారు. స్నానం కాకుండా మంచినీళ్ళు ముట్టేవాడు కాదట. ఊరి బయట మలుపులో పోలేరమ్మ గుడి ముందు ఏనాడూ చెప్పు కాలితో పోలేదట. పెద్దకర్మ భోజనాల దగ్గర మా చిన్నత్త, అంటే నాన్న ఆఖరి చెల్లెలు, అందరికీ వినపడేటట్టు అంది, "ఆయన కడుపున పుట్టి మా కోటిగాడు అమ్మవారిని లెక్కచెయ్యలా. ఆ రోజు చెప్పు తీసుంటే కాలు దక్కేదిగా." కోటి నా తమ్ముడు. ఆ మాట అన్నప్పుడు వాడు అదే బంతిలో పప్పు వడ్డిస్తున్నాడు. తల ఎత్తలేదు, పక్క విస్తరికి జరిగాడు. వాడి కుడి పాదానికి ముందు సగం లేదు. బరువు మోస్తూ నడిస్తే ఒక పక్కకి ఒరుగుతాడు. పదిహేడేళ్ళప్పటి నుంచీ అలా ఒరుగుతూనే ఉన్నాడు, ఇప్పుడు అరవైకి దగ్గర పడ్డాడు.

మర్నాడు పంచెలు ఎవరికైనా ఇచ్చేద్దామని నాన్న ఇనప్పెట్టె తెరిచాను. కర్పూరం వాసన, పాత కాగితాల వాసన, ఆయన తలకి రాసుకునే ఆముదం వాసన కలిసి గుప్పుమన్నాయి. ఆ వాసన వస్తే నాకిప్పటికీ వీపు నిటారుగా అవుతుంది, భయంతో. అడుగున, పసుపుపచ్చగా మారిన దినపత్రికలో చుట్టి పురికొసతో కట్టిన పొట్లం ఒకటి ఉంది. విప్పితే మగవాళ్ళ చెప్పు, కుడికాలిది. గోధుమరంగు తోలు, మడమ వెనక పట్టీ, ఇత్తడి బకిల్. కోటి ఇంటర్‌లో చేరినప్పుడు నరసరావుపేటలో నా ఎదుటే కొన్నది. తోలు ఎండి బిగుసుకుపోయింది గానీ, ఎక్కడా గీత లేదు. నెత్తుటి మరక లేదు. పట్టీ తెగలేదు, బకిల్ ముందే విప్పి ఉంది. కాలు నుజ్జయిన రోజున ఆ కాలికే ఉందని నాన్న ఊరంతటికీ చెప్పిన చెప్పు ఇది. కాలు నలిగితే చెప్పు నలగకుండా ఉంటుందా?

మా ఇంట్లో తెల్లవారడం అంటే నాన్న బండి తెల్లవారడమే. మేము లేచేసరికే ఆయన పాత బనియను గుడ్డతో మోటారుసైకిలు ట్యాంకు తుడుస్తూ ఉండేవాడు. అమ్మకి జ్వరం వచ్చినా అలా తడిగుడ్డ వేసి తుడిచిన మనిషి కాదు. తుడవడం అయ్యాక స్నానం, విభూతి, పత్రిక పైకి చదవడం, జొన్నన్నంలో మజ్జిగ, ఆ తర్వాత తోలు చెప్పులు కిర్రుకిర్రుమంటూ గడప దాటడం. ఆ కిర్రు వినపడితే అమ్మ పొయ్యి దగ్గర మాట ఆపేది. కిర్రు వీధిలోకి పోయాకే ఇంట్లో గిన్నెల చప్పుడు మొదలయ్యేది. మిరప కోతలప్పుడు వాకిలంతా ఘాటు కమ్మి మేమందరం తుమ్ముతూ ఉంటే, ఆయన ముందు తుమ్మడానికి కూడా భయపడి ముక్కు నలుపుకునేవాళ్ళం. ఇది చెప్తే మా పిల్లలు నవ్వుతారు. నాకు నవ్వు రాదు.

ఆయన బండి తోలే తీరు చూస్తే తెలిసిన మెకానిక్ ఎవడైనా తల బాదుకుంటాడు. కర్ర మింగినట్టు నిటారుగా కూర్చుని, మడమలు ఫుట్‌రెస్టుల మీద మోపి, వేళ్ళు చెరో దిక్కుకీ చాపి, మోకాళ్ళు బార్లా తెరిచి పోయేవాడు. ఊరు దాటగానే రోడ్డు కుడివైపుకి తిరుగుతుంది. ఆ మలుపు బయటి అంచున, ఎడమ పక్కన, పోలేరమ్మ గుడి. అమ్మవారి ఎదుట చెప్పు కాలితో పోకూడదని ఊళ్ళో ఆచారం. నడిచేవాళ్ళు చెప్పులు చేతిలో పట్టుకుంటారు, ఎడ్లబండి వాళ్ళు దిగి నాలుగడుగులు నడుస్తారు. మోటారుసైకిలుకి మాత్రం నాన్న సొంతంగా ఒక పద్ధతి కనిపెట్టాడు. మలుపులోకి వస్తూనే కుడికాలు చెప్పులోంచి పైకి లాగేవాడు. ఆ చెప్పునే ఫుట్‌రెస్టు మీద తొక్కిపెట్టి, పైన ఉత్తికాలు ఉంచి, కుడిచేయి హ్యాండిల్ వదిలి, అమ్మవారి వైపు తల తిప్పి గుండెకీ నుదుటికీ తాకించుకునేవాడు. అంటే బండి కుడికి తిరగాల్సిన చోట చూపు ఎడమకి. బ్రేకు మీద ఉండాల్సిన కాలు విప్పిన చెప్పు మీద. ఎక్సలేటర్ మీద ఉండాల్సిన చేయి నుదుటి మీద. ఆయన నడక వేగంతో పోయేవాడు కాబట్టి ఏనాడూ పడలేదు. పడకపోవడం తన భక్తి వల్ల అనుకునేవాడు. ఆయన్ని చూసి ఊళ్ళో బండ్లున్న నలుగురైదుగురూ అదే నేర్చారు.

కోటికి ఇంటర్, నాకు బి.ఏ., ఇద్దరికీ నరసరావుపేటే. బస్సు దొరకడం గగనంగా ఉండేది. నాన్న పాత బండి ఇంకొకరికి ఇచ్చేసి, తేలికపాటి కొత్త బండి తెచ్చినప్పుడు, పొద్దున్నే నన్ను కాలేజీలో దింపే పని కోటికి అప్పగించాడు. వాడికి బండి నేర్పింది మాత్రం నాన్న కాదు, పేటలో బండ్లు బాగుచేసే షెడ్డున్న మస్తాన్ మామ. వరస కాదు, పిలుపు. కాలేజీ అయ్యాక నేను షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుని చూసేదాన్ని. గ్రీజు వాసన, పక్క కొట్లో మిరపకాయ బజ్జీల వాసన. మామ బండిని స్టాండు వేసి కోటిని ఎక్కించి, రెండు మోకాళ్ళకీ ట్యాంకుకీ మధ్య చెరొక అగ్గిపెట్టె పెట్టేవాడు.

"ట్యాంకుని మోకాళ్ళతో పట్టుకో అబ్బాయా. అగ్గిపెట్టె కింద పడిందా, ఇయ్యాళ నీకు టీ లేదు" అనేవాడు. "పాదం మధ్యలో మోపమాక. వేళ్ళ మొదట్లో మోపు. మడమ బండి వైపుకి. వేళ్ళు బయటికి చూసినియ్యా, వొంగినప్పుడు రోడ్డు పట్టుకు లాగిద్ది."

సుద్దముక్క నలిపి ఫుట్‌రెస్టు రబ్బరు మీద పూసేవాడు. నాలుగు చక్కర్లు కొట్టి వచ్చాక చెప్పు తిప్పి చూసేవాడు. సుద్ద వేళ్ళ మొదట్లో అంటితే తల ఊపేవాడు, మధ్యలో అంటితే మళ్ళీ పొమ్మనేవాడు. "మలుపులోకి పోకముందే బ్రేకు. పోయినాక బ్రేకు లేదు, ఎక్సలేటర్ వొదిలేది లేదు, కాలు దించేది అసలే లేదు. చూపు యాడుంటే బండి ఆడికే పోద్ది. గుంట వంక చూస్తే గుంటలోకే. మలుపు అయిపోయే చోటు చూడు." నా వైపు తిరిగి, "అమ్మాయా, నువ్వు వెనక బస్తా లాగా కూర్చో. ఆడు ఎటు వొంగితే నువ్వూ అటే. దిక్కులు చూడమాక" అనేవాడు. మా ఇంట్లో ఎవరూ ఏదీ ఎందుకో చెప్పి నేర్పలేదు. ఎందుకో చెప్పి నేర్పిన మొదటి మనిషి ఆ గ్రీజు చేతుల మస్తాన్ మామ.

ఒకరోజు నాన్న చైను బిగించుకోవడానికి షెడ్డుకి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. మామ చేతులు తుడుచుకుని, ఎంతో మర్యాదగా అన్నాడు, "రాఘవయ్యగారూ, మీరు పెద్దోళ్ళు. ఆ మలుపులో కాలు తియ్యమని పిల్లోడికి చెప్పమాకండి. మీరు నిదానంగా పోతారు గాబట్టి సరిపోయింది. ఆడు పడతాడు."

"నా అమ్మవారికి నేనెట్టా మొక్కాలో నువ్వు చెప్పేదేంది?" అన్నాడు నాన్న. "పానాలు తిప్పేవాడివి, పానాలు తిప్పుకో."

చుట్టూ ఉన్నవాళ్ళు విన్నారు. మామ వంగి చైను బిగించాడు. నాన్న పెదవి ఒక పక్కకి వంకర తిరగడం నాకు గుర్తుంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషికి, నాలుగో కాలు చూపించినవాడు జన్మశత్రువు అవుతాడు. ఆ రోజు నుంచీ మస్తాన్ మాట నెగ్గకూడదు, అంతే ఆయన పట్టు.

ఆ రాత్రి అన్నాల దగ్గర కోటి తనే ఎత్తాడు. వాడు తిరగబడే పిల్లవాడు కాదు, గొంతు కూడా పెంచలేదు. "నాన్నా, మలుపు దాటినాక బండి ఆపి, దిగి, చెప్పులు విప్పి మొక్కుకుంటా. మలుపులో మాత్రం కాలు తియ్యను" అన్నాడు. నాన్న కంచంలో సగం అన్నం ఉండగానే చేయి కడిగేశాడు. మా ఇంట్లో అంతకు మించిన శిక్ష లేదు. ఆయన కంచంలో చేయి కడిగితే అమ్మ తినకూడదు. ఆయన మళ్ళీ తినేదాకా ఆమె పస్తు. ఆయన మర్నాడు పేటలో హోటల్లో తినొచ్చాడు, అది మాకు తెలుసు. అమ్మ మాత్రం రెండు పూటలు మంచినీళ్ళతో గడిపి, మూడో పూట గోంగూర కోస్తూ కళ్ళు తిరిగి గోడ పట్టుకుంది. కోటి పరుగెత్తుకెళ్ళి నాన్న ముందు నిలబడ్డాడు. అమ్మవారి మీద ఒట్టు వేశాడు, మలుపులో కాలు తీస్తానని. అప్పుడు ఆయన పీట వేయమన్నాడు. అమ్మ వడ్డించింది. ఆకలితో ఉన్న మనిషి చేత వడ్డించుకుని తృప్తిగా తిన్న ఆ మొహం నాకు ఇప్పటికీ అసహ్యం.

ఒట్టు వేసిన మూడోనాడు పొద్దున బయల్దేరాం. నేను ఆడపిల్లలు కూర్చునే పద్ధతిలో ఎడమవైపుకి రెండు కాళ్ళూ వేసి కూర్చున్నాను. అంటే నా మొహం గుడి వైపు, నా వీపు వాడి కుడికాలి వైపు. మలుపు వచ్చింది. ఆ తర్వాత జరిగింది ఎక్కడా చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను. నేను కూడా పట్టుకున్న చేయి వదిలేసి, కళ్ళు మూసుకుని, రెండు చేతులతో అమ్మవారి వైపు వంగి దణ్ణం పెట్టాను. మామ బస్తాలా కూర్చోమన్నాడు, కూర్చోలేదు. కింద ఏదో గరగరమని గీసుకుంది, బండి కుడికి కూలిపోయింది. నేను దాని మీదుగా పడి మోచేయి చీల్చుకున్నాను. కోటి తల రోడ్డుకి తగిలి స్పృహ లేదు. వాడి కుడి పాదం బండి కింద, ఫుట్‌రెస్టుకీ తారుకీ మధ్య ఉంది, చెప్పు ఉందో లేదో కూడా తెలియనంత నెత్తురు. ఆ పాదం గురించి ఇంకేమీ రాయను. జరిగిందేమిటో ఇప్పుడు అర్థమవుతోంది. మస్తాన్ మామ నేర్పినట్టు వేగం తగ్గకుండా వంగుతూ, వాడు నాన్న చెప్పినట్టు కాలు తీశాడు. ఒకటి విడిగా ఉంటే ప్రమాదం లేదు, రెండూ కలిస్తే మనిషిని పడేస్తాయి. తొక్కిపెట్టిన చెప్పు జారిపోయి, బండి కుడికి వంగిన చోట వేలాడిన ఉత్తికాలు ముందుగా నేలని తాకింది.

ఊళ్ళోవాళ్ళు పరుగున వచ్చారు, వాళ్ళ వెనక నాన్న. ఆయన మా దగ్గరికి రాకముందే, మలుపుకి ఇరవై బారల ముందు, ఊరి వైపున ఆగి, వంగి, రోడ్డు మీద దేన్నో తీసి కండువాలో చుట్టుకోవడం చూశాను. నా పుస్తకాలు ఏరుతున్నాడనుకున్నాను. నా పుస్తకాలన్నీ నా చుట్టూనే పడి ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆ సంగతి నాకు తట్టలేదు.

ఆసుపత్రి వరండాలో ఆయన చుట్టూ పదిమంది. "చెప్పు కాలికే ఉంది. డాక్టరే కోసి తీశాడు. ఒట్టేసి తప్పాడు, అమ్మవారు ఊరుకుంటదా" అన్నాడు. మస్తాన్ మామ షెడ్డు మూసి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "ఆ చెప్పు ఒక్కసారి చూపియ్యండి" అన్నాడు. "పారేశారు" అన్నాడు నాన్న, ఆయన మొహం వంక చూడకుండా. కండువా ఆయన భుజాన లేదు, చంకలో ఉంది. కొడుకు పాపి అయినా సరే, మెకానిక్ మాట నిజం కాకూడదు. పదిహేడేళ్ళ పిల్లవాడి పాదం పోయిన పూట ఆ మనిషి బేరం అదీ.

నేను నమ్మాను. ఎవరిని తిట్టినా ముందు నన్ను నేను తిట్టుకోవాలి. వాడిని ఇంటికి తెచ్చాక, మంచం పక్కన కూర్చుని, "ఒక్కసారి కాలు తీస్తే నీ సొమ్మేం పోయిందిరా?" అన్నది నేనే. కోటికి మలుపు దగ్గరకు రావడం గుర్తుంది, ఆ తర్వాత ఆసుపత్రి పంకా గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు. మొదటి ఏడాది "తీసే ఉంటా" అనేవాడు. రెండో ఏడు "ఏమో" అన్నాడు. మూడో ఏడు "తియ్యలేదేమోలే" అన్నాడు. ఆ తర్వాత ఎవరూ అడగాల్సిన అవసరమే రాలేదు. అమ్మవారి కొలుపులు జరిగిన ప్రతిసారీ ఆ సగం పాదంతో, ఎండలో, ఉత్తికాళ్ళతో పొంగలి కుండ మోసుకుని గుడికి పోయి తప్పయిందని చెంపలు వేసుకుని వచ్చేవాడు. నాన్న ఇంటి అరుగు మీద కూర్చుని ఆ కుండ తన ముందు నుంచి పోవడం చూసేవాడు. పెట్టెలో చెప్పు పెట్టుకుని చూసేవాడు.

చెప్పు పారేయకుండా దాచుకున్నాడంటే లోలోపల కుమిలిపోయాడేమో అంటుంది మా చిన్నత్త, ఈ సంగతి తెలిస్తే. నేను ఒప్పుకోను. కుమిలేవాడు నోరు తెరుస్తాడు. తొంభై ఏళ్ళ నోరది, చివరి రోజు దాకా పప్పులో ఉప్పు తక్కువైందని తెరిచిన నోరే.

చెప్పు సంచిలో వేసుకుని పేట వెళ్ళాను. మస్తాన్ మామ పోయి చాలా కాలమైంది, ఆ షెడ్డు ఇప్పుడు కోటిదే. వాడు బండ్లు బాగుచేస్తాడు, వీధి చివరిదాకా నడిపి చూస్తాడు, అంతకు మించి పోడు. వచ్చిన ప్రతి కుర్రాడికీ మలుపులో కాలు లోపల పెట్టుకోమని చెప్తాడు, వాళ్ళు వినరు. దారిలో ఆటోలోంచి చూస్తూనే ఉన్నాను. కొత్త రోడ్డు గుడికి దూరంగా తిన్నగా పోతోంది, అయినా ఒకడు చెవికీ భుజానికీ మధ్య ఫోను నొక్కిపెట్టి, చేయి వదిలేసి, ఆ దిక్కుకి ముద్దు పెట్టి పోయాడు. అప్పుడు కంచంలో చేయి కడిగి బెదిరించే మనిషి ఒకడుండేవాడు. ఇప్పుడు ఎవడూ బెదిరించడం లేదు, వీళ్ళే సరదాగా చేస్తున్నారు. కాలం మారిందని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండేది ఇందుకే.

చెప్పు బల్ల మీద పెట్టాను. ఎక్కడ దొరికిందో చెప్పాను. కోటి చేతులు తుడుచుకుని, దాన్ని ఏదో బండి సామాను చూసినట్టు తిప్పి చూశాడు. బొటనవేలితో అంచులన్నీ తడిమాడు.

"గీత పడలేదు" అన్నాడు.

"పడలేదురా."

"అయితే తీశా."

"తీశావు."

వాడు టైరు మీద కూలబడ్డాడు. ఏడుస్తాడనుకున్నాను, ఏడవలేదు. "అమ్మ పొయ్యేముందు కూడా చెప్పానక్కా. నీ కోసం ఏసిన ఒట్టు తప్పానమ్మా, తప్పయిందని చెప్పా. అమ్మ నా తల నిమిరింది" అన్నాడు. అమ్మ తన కొడుకు ఒట్టు తప్పాడనుకునే పోయింది. అది ఎవరు తిరిగి తెస్తారు?

"నేనూ అన్నానురా, నీ సొమ్మేం పోయిందని" అన్నాను.

"అన్నావులే" అన్నాడు. పర్లేదని అనలేదు. అననందుకు నాకు బాధ లేదు, అంటేనే అబద్ధం.

లేచి, ముందు భాగంలో గుడ్డ కుక్కిన కుడి బూటు బిగించుకుని, తన బండి బయటికి తీశాడు. దాని బ్రేకు పెడలుకి తన కాలికి అందేట్టు వెడల్పాటి రేకు అతికించుకున్నాడు. "ఎక్కు" అన్నాడు. అరవై దాటినదాన్ని, కుచ్చెళ్ళు ఎగదోపి, మగవాళ్ళలాగా రెండు కాళ్ళూ చెరోవైపు వేసి కూర్చున్నాను. వీధి చివర దాటాడు. పేట దాటాడు. ఊరి దాకా పోయి, వెనక్కి తిప్పి, కొత్త రోడ్డు వదిలి పాత రోడ్డులోకి దిగాడు. ముందు కుడివైపు మలుపు, ఎడమ పక్కన గుడి.

ముందే బ్రేకు వేశాడు. మోకాళ్ళు ట్యాంకుని పట్టుకున్నాయి. ఈసారి వాడి కుడికాలు నాకు కనపడుతోంది, మడమ బండి వైపుకే ఉంది. వాడి తల మలుపు చివరి వైపుకి తిరిగింది. బండి వంగింది, వాడు వంగాడు, నేనూ బస్తాలా వంగాను. నా చేతులు వాడి నడుముని వదలలేదు.

మలుపు దాటాక బండి ఆపాడు. స్టాండు వేశాడు. దిగి, వంగి, రెండు బూట్లూ విప్పి పక్కన పెట్టి, సగం పాదంతో నిలబడి, గుడి వైపు తిరిగి దణ్ణం పెట్టాడు. ఆ రోజు అన్నం ముందు కూర్చుని వాడు నాన్నని అడిగింది ఇంతే.